కెనడా పాఠం

నల్లగుట్టపల్లె కింది వీధిలో కలరాకు పదకొండుమంది పోయిన సంగతి తాలూకా అంతటికీ తెలుసు. అక్కడ మంచినీళ్ళ బావి తవ్వించాలని ఊరు ఎన్నుకున్న పంచాయతీ మూడుసార్లు తీర్మానం చేస్తే, సర్కారు వేసిన ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు మూడుసార్లూ పక్కన పడేసిన సంగతీ తెలుసు. పదకొండో శవాన్ని సాగనంపి వచ్చిన జనం ఇళ్ళకు పోలేదు. నేరుగా పంచాయతీ ఆఫీసుకు పోయి, ఆఫీసరును బయటికి పంపి, తలుపుకు తమ తాళం వేసుకుని వాకిట్లో కూర్చున్నారు. మూడోనాడు పోలీసులు వచ్చారు. తోపులాటలో ఎవరి చేతి రాయో ఆఫీసు బంట్రోతుకు తగిలి అతని కన్ను పోయింది. ప్రెసిడెంటు కమాల్ బాషాను జమ్మలమడుగు సబ్‌జైల్లో పెట్టారు. సోదాలో అతని బల్ల సొరుగులోంచి ఒక నోటుబుక్కు బయటపడింది. దాని మొదటి పేజీలో లావుపాటి అక్షరాలతో ‘కనడా దేసం’ అని రాసి ఉందన్న మాట చెవిన పడగానే, హైస్కూల్లో సోషల్ చెప్పే శేషాచలం నల్లబల్ల మీద రాస్తున్న వాక్యాన్ని సగంలో ఆపేశాడు.

ఆ పాఠం చెప్పింది అతనే. రాసుకున్నది ఎవరో కూడా అతనికి తెలుసు.

శనివారం పొద్దున పదిగంటలకు ట్రావెలర్స్ బంగళాకు రావాలని తాఖీదు వచ్చింది. ఇస్త్రీ చొక్కా చేతికందిస్తూ భార్య సుశీల ఒకటే చెప్పింది.

"అడిగినదానికే జవాబు చెప్పండి. బళ్ళో మాదిరి మొదట్నించీ మొదలుపెట్టొద్దండి."

చెప్పడం పూర్తికాకుండానే దగ్గు తెర వచ్చి గోడకు చెయ్యి ఆనించుకుంది. ఎనిమిది నెలలుగా మిషన్ ఆస్పత్రిలో మందు తింటోంది. ఇంకో ఏడాది కదలకుండా, మానకుండా తినాలన్నారు డాక్టరమ్మ. జమ్మలమడుగు దాటి ఎక్కడికి బదిలీ చేసినా ఆ మందు ఆగిపోతుంది. అది ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

బంగళా వరండాలో నల్లగుట్టపల్లె మనుషులు పదిమంది దాకా బెంచీల మీద కూర్చుని ఉన్నారు. చివర్లో తిరుపాలమ్మ. శేషాచలం సైకిలు ఊరి పొలిమేరలో కనబడితే చాలు, "అయ్యోరొచ్చె, అయ్యోరొచ్చె!" అని వీధి వీధంతా వినబడేటట్టు కేకేసే మనిషి, ఇవాళ అతన్ని చూసి ముఖం పక్కకు తిప్పుకుంది. కలరాలో చేతికొచ్చిన కొడుకును పోగొట్టుకుని ఇంకా నెల కాలేదు. దుఃఖంలో ఉంది, అంతేననుకున్నాడు శేషాచలం.

విచారణకు వచ్చిన ప్రత్యేకాధికారి శ్రీపతిగారు గోదావరి వైపు మనిషి. అరిచే రకం కాదు. అరిస్తే శేషాచలానికి కొంత నయంగా ఉండేది.

"రండి మాస్టారూ, కూర్చోండి. ఎండన పడి వచ్చారు. ముందు కాసిని మంచినీళ్ళు తాగండి."

డవాలీ కట్టుకున్న బంగళా బంట్రోతు కూజాలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. చల్లగా, తియ్యగా ఉన్నాయి. శేషాచలం సగం తాగి గ్లాసు కింద పెట్టాడు. 

శ్రీపతిగారు నోటుబుక్కు తెరిచి, కళ్ళద్దాలు సర్దుకుని, పైకి చదివారు.

"కనడా దేసం శానా దూరం. ఆడ మంచు పడతాది. ఆడ గూడా ఎన్నికలు. గెలిచినోళ్ళు ఒగ మాట చెప్తే గవునరు ఇనల్యా. ఆయప్ప సుట్టూ ఉండే నలుగురి మాటే ఇనె. మంది తొంబై రెండు మాటలు రాసి దొరల సీమకు అర్జీ పంపిరి. మూడేండ్లకు జవాబొచ్చె. మీ మాట చెల్లదు అని. అప్పుడు మంది తిరగబడిరి. ఓడిపోయిరి. ఉరి ఏసిరి. ఆ మీదట ఒగ దొర వచ్చి చూసి రాసె. ఏలేటోడు ఎన్నుకున్నోళ్ళకు జవాబు చెప్పాల అని. ఇంగ పదేండ్లకు అట్లనే ఆయ. మన బాయి ఎప్పుడు."

చదివి, పుస్తకాన్ని శేషాచలం వైపు తిప్పారు. ‘తిరగబడిరి’ కింద ఎర్ర పెన్సిలు గీత రెండుసార్లు దిద్ది ఉంది. పక్కనే ఉన్న ‘ఓడిపోయిరి’ కింద ఏమీ లేదు.

"ఈ పాఠం మీరు చెప్పిందేనా?"

కాదనడానికి వీల్లేదు. జమ్మలమడుగు తాలూకా మొత్తంలో కెనడా పేరు ఎత్తే మనిషి ఇంకొకడు లేడు.

"నేనేనండి."

ఆ ఆదివారం అతనికి బాగా గుర్తుంది. వారానికొకసారి నాలుగు మైళ్ళు సైకిలు తొక్కి వెళ్ళి, పంచాయతీ రీడింగ్‌రూములో పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పడం రెండేళ్ళ కిందట మొదలుపెట్టాడు. ఎవరూ చెయ్యమనలేదు. మొదట వచ్చిన ముగ్గురిలో తిరుపాలమ్మ ఒకతె. శనక్కాయలు ఒలిచే కూలి. ఆరునెలలు తిరిగేసరికి తొండూరులో ఉన్న కూతురికి తన చేత్తో కార్డు రాసింది. దాన్ని డబ్బాలో వెయ్యకుండా రెండు రోజులు ఊరంతా చూపించుకుని తిరిగింది. "ఇంగ నా బొటనేలు ఎవురికీ ఇయ్యను పో!" అని నవ్వింది.

కమాల్ బాషా నాపరాళ్ళ గనిలో మేస్త్రీ. సంతకం చెయ్యడం తప్ప తెలుగు రాయడం సరిగా రాదు. బావి తీర్మానం రెండోసారి మూలపడిన వారం, అతను గుమ్మంలో నిలబడి అడిగాడు.

"అయ్యోరా, మేం చెప్పింది చెల్లనప్పుడు మమ్మల్ని ఎన్నుకునేది ఏంటికి? ఆ ఆఫీసరు ఎవురికి జవాబు చెప్పాల? ఇట్లాంటిది ఇంగ యాడన్నా జరిగిండాదా?"

అనంతపురంలో బి.ఏ. చదివేటప్పుడు మార్కుల కోసం కంఠస్థం చేసిన పాఠం ఇరవై ఏళ్ళ తర్వాత శేషాచలం నోట పలికింది. మంచుదేశంలో ఒక సభ, ఆ సభ మాట వినని గవర్నరు, తొంభై రెండు తీర్మానాలు. చెబుతూంటే తనకే కొత్తగా ఉంది. వింటున్న ఇరవైమందీ కదలకుండా కూర్చున్నారు. బళ్ళో పిల్లలు అట్లా ఎన్నడూ వినలేదు. ఆ రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు అతనికి సైకిలు బరువు తెలియలేదు.

ఇప్పుడు ఆ పాఠం మేజా మీద ఉంది.

"చూడండి మాస్టారూ," అన్నారు శ్రీపతిగారు మెత్తగా. "నలభై రెండులో నేనూ కాలేజీ వదిలి వీధిలోకి వచ్చినవాణ్ణే. నాకు చరిత్ర చేదు కాదు. కానీ ఆ కెనడావాళ్ళను ఏలింది పరాయి దొరతనం. ఇది మనం తెచ్చుకున్న రాజ్యం. రాష్ట్రానికి పేరు పెట్టి రెండేళ్ళు కాలేదు. ఇక్కడ ఆ పాఠం ఎందుకండీ?"

"వాళ్ళు అడిగారండి. ఎన్నుకున్నవాళ్ళ మాట..."

"వాళ్ళు అడిగింది బావి. మీరు చెప్పింది తిరుగుబాటు."

శేషాచలానికి సుశీల మాట గుర్తొచ్చింది. అయినా ఆగలేకపోయాడు. "తిరుగుబాటు ఎందుకు వచ్చిందో చెప్పానండి. వాళ్ళు కోరి కత్తి పట్టలేదు. ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టారు. వినేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో చెప్పాను. ఆ పాఠంలో ముఖ్యమైంది అదే."

"ఆ ముఖ్యమైంది కన్ను పోయిన బంట్రోతుకు ఎవరు చెబుతారు? అతనికీ పెళ్ళాం బిడ్డలున్నారు. అతను ఏ అర్జీని తొక్కిపెట్టాడు?"

 నల్లబల్ల మీద కారణాలు ఒకటీ, రెండూ, మూడూ అని రాయడం ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని. ఆ కారణాల్లో ఎక్కడా ఆ బంట్రోతు కన్ను లేదు.

"సరే, ఇప్పుడు ఇది ఎవరి చేతిరాతో తేల్చాలి," అని శ్రీపతిగారు గుమాస్తా వైపు చూశారు. "ఆ తిరుపాలమ్మను పిలవండి. మాస్టారి దగ్గర బాగా చదువుకున్నది ఆవిడేనని ఊళ్ళో అంటున్నారు."

తిరుపాలమ్మ వచ్చి, గుమ్మానికి ఇవతల నిలబడి, నిజమే చెబుతానని ప్రమాణం చేసింది.  ఆమె నాదేనంటుంది. విన్నది రాసుకోవడం నేరమా సామీ అంటుంది. ఆమె నోరు తనకు తెలుసు. ఆమె ఆ మాట అంటే, తనూ ధైర్యం తెచ్చుకుని పక్కన నిలబడాలని అప్పటికప్పుడు మనసులో అనుకున్నాడు.

"ఈ పుస్తకం నీదేనా అమ్మా?"

"పుస్తకమా? నాకేంటికి సామీ పుస్తకం?"

"ఇందులో రాసింది నువ్వు కాదూ?"

"రాసేది యాడొస్తాది సామీ నాకు? శనక్కాయలు ఒలుచుకుని బతికేదాన్ని."

"మాస్టారి దగ్గరికి ఆదివారాలు వెళ్ళేదానివి కదా?"

"పోతాంటి. ఆడ నీడగా ఉంటాది. గోడకు ఆనుకోని నిద్దరపోతాంటి." ఆమె శేషాచలం వైపు చూడలేదు. "అయ్యోరు శానా తిప్పలు పడినాడు. నా బుర్రకు ఎక్కల్యా. ఆయప్ప తప్పేం ల్యా."

శేషాచలానికి అప్పుడు అర్థమయింది. వరండాలో ముఖం తిప్పుకున్నది ఎందుకో కూడా అర్థమయింది. రాసింది తనేనని ఒప్పుకుంటే నేర్పిన అయ్యోరిని పట్టుకుంటారని ఎవరో ఆమెకు చెప్పి ఉండాలి. తనను కాపాడటానికి ఆమె తన అక్షరాలను వదులుకుంటోంది.

గుమాస్తా వాంగ్మూలం రాసి ఇంకు రేకు ముందుకు జరిపాడు. తిరుపాలమ్మ ఎడమచేతి బొటనవేలు నల్లటి గుడ్డ మీద అద్ది, కాగితం మీద ఆనించింది. ముద్ర సరిగా పడలేదని గుమాస్తా ఇంకోసారి వెయ్యమన్నాడు. మళ్ళీ వేసింది. తలవంచుకుని బయటికి వెళ్ళిపోయింది.

"మీరేమంటారు మాస్టారూ? ఈవిడకు రాయడం రాదా?"

గదిలో పంకా కిర్రుమంటోంది. వచ్చంటే, ఆమె ప్రమాణం చేసి అబద్ధమాడినట్టు. రాదంటే, తను ఆడినట్టు.

"చాలామంది వచ్చేవారండి," అన్నాడు శేషాచలం. "ఎవరికెంత పట్టుబడిందో..."

ఆ మాట అక్కడ తుంచేశాడు. శ్రీపతిగారు కూడా ఇంకేమీ గుచ్చి అడగలేదు. ఆయనకు అంతే కావలసింది. గుమాస్తాకు చెప్పి రాయించారు: ‘పై పాఠము చరిత్ర విషయముగా నేను చెప్పినది వాస్తవము. పుస్తకములోని చేతివ్రాత ఎవరిదో నేను ఎరుగను.’

కలం చేతికిచ్చారు. శేషాచలం కాగితం చదివి, కలం మూత తియ్యకుండా అడిగాడు.

"ఎవరిదో తెలియకపోతే ఆ పుస్తకం ఏమవుతుందండి?"

"ఏమవుతుంది? దొరికింది కమాల్ బాషా సొరుగులో. కాబట్టి కమాల్ బాషాది."

"అతనికి తెలుగు రాయడం రాదండి."

"అందుకే ఎవరిచేతనో రాయించుకున్నాడు. అర్జీ, జవాబు, తిరుగుబాటు అని వరసగా రాయించుకున్నాడు. అదే వరసలో నడిపించాడు." శ్రీపతిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "గుంపులో గలాటా అయితే నెలలతో పోతుంది మాస్టారూ. ముందే పథకం వేసి చేయించింది అయితే అది వేరే సెక్షను. ఏళ్ళు పడతాయి."

"అన్యాయమండి. అతను ఆ రోజు జనాన్ని ఆపుతున్నాడు. రాయి పడ్డప్పుడు..."

"మీరు చూశారా?"

"లేదండి. బళ్ళో ఉన్నాను."

"మరి?"

కిటికీలోంచి బయటి మెట్లు కనిపిస్తున్నాయి. తిరుపాలమ్మ ఎండలో ఒక మెట్టు మీద కూర్చుని, కొంగు చివర తడిచేసుకుని బొటనవేలు తుడుచుకుంటోంది. ఇంకు వదలడం లేదు. మట్టి రాసి రుద్దుతోంది.

నోరు తెరిచి ఒక్క మాట చెబితే కమాల్ బాషా మీద నుంచి ఈ పుస్తకం తొలగిపోతుంది. అది నేరుగా పోయి తిరుపాలమ్మ నెత్తిన పడుతుంది. కొడుకు పోయిన మనిషి, దొంగ ప్రమాణం చేసిందని జైలుకు పోతుంది. చెప్పకపోతే బాషా పోతాడు. మూడో దారి ఏదైనా ఉందేమోనని శేషాచలం వెతికాడు. ఇంత చదివినవాడికి, ఇంతమందికి చెప్పినవాడికి, ఒక్కటీ కనబడలేదు.

"మీ బదిలీ ఫైలు నా దగ్గరే ఉంది," అన్నారు శ్రీపతిగారు ఓదార్పుగా. "పులివెందులకు వేశారు. మీ ఇంట్లోవాళ్ళకు వైద్యం జరుగుతోందని విన్నాను. ఈ కేసు తేలేదాకా అది కదలకుండా చూస్తాను. మీకేమీ కాదు. సంతకం పెట్టండి."

శేషాచలం సంతకం పెట్టాడు. రోజూ హాజరుపట్టీలో పెట్టే సంతకమే. 

"ఇంకొక్కటి," కాగితం మడుస్తూ అన్నారు శ్రీపతిగారు. "ఇరవై ఒకటో తేదీన ప్రొద్దుటూరు కోర్టులో కేసు మొదలవుతుంది. మిమ్మల్ని సర్కారు తరఫు సాక్షిగా వేస్తున్నాం. కష్టమేమీ లేదు. కెనడాలో ఏం జరిగిందో, ఎట్లా తిరగబడ్డారో, జడ్జీగారికి అర్థమయ్యేటట్టు చెప్పాలి. అంతే. పాఠం చెప్పడం మీకు అలవాటే కదా."

బయటికి వచ్చేసరికి ఎండ కళ్ళల్లో గుచ్చుకుంది. తిరుపాలమ్మ మెట్ల మీంచి లేచింది. ఇప్పుడు మాత్రం నేరుగా ముఖంలోకి చూసింది. ఆ చూపులో ఒక పని చక్కబెట్టుకున్న తృప్తి ఉంది.

"నీకేం కాల్యా కదయ్యోరా? ఇడిసిపెట్టినారా?"

"విడిచిపెట్టారు."

"అది చాలు. రాసినోళ్ళకు ఒగేడు, నేర్పినోళ్ళకు రెండేండ్లు అని ఆ డవాలీ బంట్రోతు చెప్పినాడు. నేను పోతే నాకేముండాది? నువ్వు పోతే సుశీలమ్మకు మందు ఎవురు పోస్తారు?"

శేషాచలం చెప్పకూడదనుకున్నాడు. కానీ ఆ తృప్తిని చూస్తూ నిలబడటం అంతకన్నా కష్టమయింది. "తిరుపాలమ్మా, పుస్తకం నీది కాదన్నావు కాబట్టి దాన్ని బాషా మీద వేశారు. ముందే కుట్ర చేశాడంటారు. ఏళ్ళ శిక్ష పడుతుంది."

తిరుపాలమ్మ మెట్టు దిగి అతనికి ఎదురుగా వచ్చింది.

"నా పుస్తకం బాషాన్న మీద ఎట్లేస్తారు?" అంది. "బాయి సంగతి తీర్మానంలో ఎక్కించమని నేనే కదా ఆయప్ప సొరుగులో పెట్టింది. అది నేను రాసింది కదా!"

"అవును."

"అయితే లోపలికి పోయి చెప్తా. నేనే రాసినానని చెప్తా. కావాలంటే ఆయప్ప ముందర ఇప్పుడే రాసి చూపిస్తా."

రెండు మెట్లు ఎక్కేసింది. శేషాచలం అడ్డం వెళ్ళాడు. "ప్రమాణం చేసి చెప్పావు, వేలిముద్ర వేశావు. ఇప్పుడు మాట మారిస్తే దొంగ సాక్ష్యమని నిన్నూ లోపల వేస్తారు. బాషాను మాత్రం వదలరు. అతను చెబితే నువ్వు రాశావంటారు."

"మరి ఏం చెయ్యాల? చెప్పయ్యోరా. సదువుకున్నోనివి కదా, ఏం చెయ్యాలో చెప్పు."

లోపలినుంచి బంట్రోతు పెట్టె మోసుకుని వచ్చాడు. వెనకే శ్రీపతిగారు వచ్చి, ఇద్దరికీ తలపంకించి, జీపెక్కారు. ఆ పెట్టెలోనే ఉన్నాయి తిరుపాలమ్మ వేలిముద్ర, శేషాచలం సంతకం, నోటుబుక్కు. జీపు ప్రొద్దుటూరు రోడ్డు పట్టింది. తిరుపాలమ్మ నాలుగడుగులు దాని వెనక పరుగెత్తి ఆగిపోయింది. తిరిగి రాలేదు. అక్కడే రోడ్డు పక్కన, దుమ్ములో కూలబడింది.

శేషాచలం సైకిలు తీసుకుని ఆమె దగ్గరికి నడుస్తూంటే, ఎదురుగానే ఉన్న సబ్‌జైలు వైపునుంచి ఒకామె గబగబా వస్తూ కనిపించింది. కమాల్ బాషా భార్య ఖమ్రున్నీసా. చేతిలో అన్నం గిన్నె, తలమీద చెంగు. ఈ పది రోజుల్లో ఆమె ముఖంలో వెలుగు చూడటం అదే మొదటిసారి.

"అయ్యోరా! మీ ఇంటికి పోతాంటి, మీరే కనబడితిరి. ప్లీడరు సారు పొద్దున జైలుకాడికి వచ్చినాడు. నీ పక్క సాక్షి చెప్పేకి ఎవురుండారప్పా అని మా ఇంటాయన్ను అడిగినాడు." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "మా ఇంటాయన ఒగ పేరే చెప్పినాడు. మీ పేరు."

శేషాచలం సైకిలు హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాడు.

"అయ్యోరు కోర్టుకొచ్చి ఆ కెనడా పాఠం మళ్ళా ఒగసారి మాకు చెప్పినట్లే చెప్తే చాలు, మేం అడిగింది న్యాయమని జడ్జీకి తెలుస్తాది, అన్నాడు. వేరే సాక్షి ఎవురూ వద్దన్నాడు. ఇరవై ఒకటో తారీకంట, ప్రొద్దుటూరులో. వస్తారు కదా అయ్యోరా?"

"వస్తాను తల్లీ," అన్నాడు శేషాచలం.

ఆ మాటలో అబద్ధం లేదు. ఆ తేదీన అతను ఆ కోర్టులో ఉండక తప్పదు.

ఖమ్రున్నీసా గిన్నె చంకన పెట్టుకుని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఈ కబురు భర్తకు వెంటనే చెప్పాలని, వచ్చిన దారినే జైలు వైపు తిరిగింది. "వస్తానన్నాడు! అయ్యోరు వస్తానన్నాడు!" అని తనలో తను అనుకుంటూ పోతున్న మాట వెనక్కు వినబడుతూనే ఉంది. పిలవాలని శేషాచలం రెండడుగులు వేశాడు. పిలిచి ఏం చెప్పాలో తెలియలేదు. అప్పటికే ఆమె జైలు గేటు దగ్గర సెంట్రీతో మాట్లాడుతోంది. గేటు తెరుచుకుంది.